ఎస్‌పీఎస్‌ఎస్‌లో డేటా ఫైళ్లు తెరవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత కంప్యూటర్‌లో ఉన్న ఫైలైనా, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నదైనా, డేటాబేస్‌లో ఉన్నదైనా, రిమోట్ సర్వర్‌లో ఉన్నదైనా ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా తేవాలి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నదే ఈ పేజీ. అక్కడక్కడ అలాంటివే అయిన ఆర్, స్టాటా, శాస్‌ల ప్రస్తావన కూడా ఉంటుంది. మెనూ పేర్లు ఇటీవలి వెర్షన్ల ప్రకారం ఇచ్చాం. మరీ పాత వెర్షన్లలో "ఇంపోర్ట్ డేటా" మెనూ ఉండదు, అవే పనులు "ఓపెన్" కింద, "ఓపెన్ డేటాబేస్" కింద దొరుకుతాయి.

ఏ ఫైలు ఎక్కడి నుంచి తెరవాలి?

ఎస్‌పీఎస్‌ఎస్ సొంత డేటా ఫైలు సావ్ (.sav). దాన్ని ఫైల్ → ఓపెన్ → డేటాలో తెరవాలి. జెడ్‌సావ్ అంటే అదే ఫైలును కుదించి దాచినది. వెర్షన్ 21 కంటే పాత ఎస్‌పీఎస్‌ఎస్ దాన్ని తెరవలేదు కాబట్టి, అవతలివాళ్ల దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియనప్పుడు మామూలు సావ్‌గానే పంపండి. ఎక్సెల్, సీఎస్‌వీ, టెక్స్ట్, స్టాటా, శాస్ ఫైళ్లకు ఫైల్ → ఇంపోర్ట్ డేటాలో వేరువేరు వరుసలున్నాయి.

ఎస్‌పీవీ డేటా ఫైలు కాదు, అది అవుట్‌పుట్. పట్టికలు, గ్రాఫులు తప్ప అందులో మీ డేటా ఉండదు. "డేటా పంపాను సార్" అంటూ విద్యార్థులు పంపే ఫైళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఎస్‌పీఎస్ అంటే సింటాక్స్, అందులో ఉండేది కమాండ్లు మాత్రమే. మీకు అందినవి ఈ రెండే అయితే సావ్ ఫైలు మళ్లీ అడిగి తెప్పించుకోవాల్సిందే.

ఫోల్డర్‌లో ఫైలుంది, ఓపెన్ విండోలో మాత్రం కనిపించడం లేదు. ఎందుకు?

విండో కింద "ఫైల్స్ ఆఫ్ టైప్" అనే పెట్టె ఉంటుంది. అందులో సావ్ అని ఉన్నంతసేపు ఎక్సెల్ ఫైళ్లు కనబడవు. కావలసిన రకానికి మార్చండి.

అలా మార్చినా కనిపించకపోతే ఫైలు ఇంకా జిప్‌లోనే ఉందేమో చూడండి. విండోస్ జిప్‌ను మామూలు ఫోల్డర్‌లాగే తెరిచి చూపిస్తుంది కానీ ఎస్‌పీఎస్‌ఎస్ దాని లోపలికి వెళ్లలేదు. ముందు "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" చేయాలి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పేరు పక్కన మబ్బు గుర్తుంటే ఆ ఫైలు మీ కంప్యూటర్‌లోకి ఇంకా దిగలేదని అర్థం. రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకుని, పచ్చ టిక్కు వచ్చాక తెరవండి.

ఎక్సెల్ ఫైలు తెరిచేటప్పుడు వచ్చే పెట్టెలో ఏం మార్చాలి?

అన్నిటికంటే ఎక్కువ ఆగి చూడాల్సిన చోటు ఇదే. చాలామంది నేరుగా ఓకే నొక్కేస్తారు.

ముందు వర్క్‌షీట్. ఎస్‌పీఎస్‌ఎస్ ఒకసారికి ఒక్క షీటే తీసుకుంటుంది. జిల్లాకో షీటు ఉన్న ఫైలైతే ఒక్కోటి విడిగా తెచ్చి, డేటా → మెర్జ్ ఫైల్స్ → యాడ్ కేసెస్‌తో కలపాలి.

తర్వాత రేంజ్. ప్రభుత్వ శాఖలు, రిజర్వ్ బ్యాంకు ఇచ్చే పట్టికల్లో పైన శీర్షిక, యూనిట్లు, కలిపేసిన గడులు ఉంటాయి, కింద గమనికలు ఉంటాయి. వాటితో సహా తెరిస్తే మొదటి వరుసలోని శీర్షికే వేరియబుల్ (అంటే కాలమ్) పేరైపోతుంది, అంకెల కాలమ్ అక్షరాల కాలమ్‌గా మారుతుంది. కాలమ్ పేర్ల వరుసతో కలిపి అసలు డేటా ఐదో వరుస నుంచి ముప్పై ఎనిమిదో వరుస దాకా, 'ఏ' (A) కాలమ్ నుంచి 'హెచ్' (H) కాలమ్ దాకా ఉంటే రేంజ్‌లో ఏ5:హెచ్38 అన్నట్టు, ఇంగ్లిష్ అక్షరాలతో, ఇవ్వండి. శీర్షిక రెండు వరుసల్లో ఉంటే ముందు ఎక్సెల్‌లోనే దాన్ని ఒక వరుసకు తెచ్చుకోవాలి.

మూడోది "పర్సెంటేజ్ ఆఫ్ వాల్యూస్ దట్ డిటర్మైన్ డేటా టైప్". మామూలుగా అక్కడ 95 ఉంటుంది. కాలమ్‌లో ఖాళీ కాని గడుల్లో 95 శాతం అంకెలైతే దాన్ని అంకెల కాలమ్‌గా తీసుకుంటుంది, మిగతా 5 శాతంలో ఏం రాసి ఉన్నా దాన్ని మిస్సింగ్‌గా, అంటే విలువ లేని గడిగా, మార్చేస్తుంది. ఉదాహరణకు 1,000 మంది ఆదాయాల కాలమ్‌లో 40 గడుల్లో "చెప్పలేదు" అని రాశారనుకోండి. అది 4 శాతమే. కాలమ్ అంకెలుగానే వస్తుంది, ఆ 40 గడుల్లో చుక్కలు మిగులుతాయి. అదే 60 గడుల్లో రాసి ఉంటే 6 శాతం అవుతుంది కాబట్టి కాలమ్ మొత్తం స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా, వస్తుంది, సగటు తీద్దామంటే లిస్టులో ఆ వేరియబులే కనబడదు. రెండో సందర్భమే నయం, తేడా ఉందని కనీసం తెలుస్తుంది. మొదటిదాంట్లో "చెప్పలేదు" అన్నవాళ్లూ, అసలు ప్రశ్నే అడగనివాళ్లూ ఒకే చుక్కలో కలిసిపోతారు. అందుకే డేటా ఎక్కించేటప్పుడే అలాంటి జవాబుకు 99 లాంటి కోడ్ పెట్టుకుని, తెరిచాక వేరియబుల్ వ్యూలో మిస్సింగ్ కింద దాన్ని ప్రకటించడం మంచి పద్ధతి. ఆ 99 నిజమైన విలువగా రాగల కాలమ్‌లో, వయసు లాంటిదైతే, 999 వాడండి.

దాచిన వరుసలను వదిలేయమనే టిక్కు కూడా అక్కడే ఉంటుంది. ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టి అలాగే సేవ్ చేసిన ఫైలైతే ఈ టిక్కును బట్టి మీకు వచ్చే కేసుల (వరుసల) సంఖ్య మారిపోతుంది.

ఇంకొకటి: ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంటే ముందు మూసేయండి. ఇంపోర్ట్ ఆగిపోవడానికి సగం సార్లు అదే కారణం.

కాలమ్ పేర్లు మారిపోయాయి. ఎందుకు?

వేరియబుల్ పేరులో ఖాళీ ఉండకూడదు, పేరు అక్షరంతో మొదలవ్వాలి, 64 బైట్లు దాటకూడదు. నియమానికి సరిపడని పేర్లను ఎస్‌పీఎస్‌ఎస్ తనే సరిచేసుకుని, మీరు రాసిన అసలు శీర్షికను లేబుల్‌లో ఉంచుతుంది. కాబట్టి ఏదీ పోలేదు, వేరియబుల్ వ్యూలో లేబుల్ కాలమ్ చూడండి. పేర్లు పొట్టిగా ఇంగ్లిష్‌లో పెట్టి, తెలుగు లేబుల్‌కు ఉంచుకుంటే తర్వాత సింటాక్స్ రాసేటప్పుడు హాయి.

తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తుల్లా వస్తున్నాయి. ఏం చేయాలి?

ఇది మూడు రకాలుగా జరుగుతుంది, మందులూ వేరువేరు.

మొదటిది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి, తేడా. ఫైలు యూటీఎఫ్-8లో ఉంది, చదివే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ కోడ్‌పేజీ అనుకుంది. ఇలాంటప్పుడు ఒక్కో తెలుగు అక్షరం చోట రెండు మూడు విచిత్రమైన గుర్తులు కనబడతాయి. సీఎస్‌వీ ఇంపోర్ట్ పెట్టెలో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మారిస్తే సరిపోతుంది. అదే ఫైలును ఎక్సెల్‌లో చూడాలంటే డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా → ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీలోకి వెళ్లి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 అనే యూటీఎఫ్-8 ఎంచుకోండి. పిచ్చి గుర్తులతో తెరుచుకున్న ఫైలును ఎక్సెల్‌లో సేవ్ చేశారంటే మాత్రం అసలు తెలుగు చెడిపోయినట్టే. అసలు కాపీ ఒకటి ఎప్పుడూ పక్కన ఉంచుకోండి.

రెండోది ఎస్‌పీఎస్‌ఎస్ యూనికోడ్ మోడ్‌లో లేకపోవడం. ఎడిట్ → ఆప్షన్స్ → లాంగ్వేజ్‌లో క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూనికోడ్‌గా ఉండాలి. డేటా ఏదైనా తెరిచి ఉంటే అది మారదు. అన్నీ మూసి, ఖాళీ డేటా ఎడిటర్ ఉన్నప్పుడు మార్చండి.

మూడోది అను ఫాంట్లలో టైపు చేసిన పాత డేటా. డీటీపీ సెంటర్లలో ఎక్కించిన జాబితాలు, పాత సర్వే ఫారాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఫైలులో ఉన్నవి నిజానికి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటిని తెలుగులా చూపించేది. ఎన్ని ఎన్‌కోడింగ్‌లు మార్చినా ఇది తెలుగు కాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో ముందు మార్చుకుని, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒక పది వరుసలు కంటితో చూసుకుని, ఆ తర్వాతే ఇంపోర్ట్ చేయాలి.

తెలుగు పేర్లు సగంలో తెగిపోతున్నాయి. వెడల్పు 20 ఇచ్చాను, చాలదా?

చాలదు. యూనికోడ్ మోడ్‌లో స్ట్రింగ్ వెడల్పును బైట్లలో లెక్కిస్తారు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు. గుణింతం, సున్నా, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. "తెలంగాణ"లో త, ఎత్వం, ల, సున్నా, గ, దీర్ఘం, ణ కలిపి ఏడు, అంటే 21 బైట్లు. 20 వెడల్పులో ఆరు సంకేతాలే పడతాయి కాబట్టి మిగిలేది "తెలంగా". "శ్రీకాకుళం" పది సంకేతాలు, 30 బైట్లు. అదే 20 వెడల్పులో "శ్రీకా" దగ్గర ఆగిపోతుంది. "ఆంధ్రప్రదేశ్"కు 36 కావాలి.

ఊరి పేర్లకు 90, చిరునామాలకు 600 అనుకుంటే ఇబ్బంది ఉండదు. గరిష్ఠం 32,767 బైట్లు. వాల్యూ లేబుల్‌కు (ఒక్కో కోడ్‌కు ఇచ్చే వివరణకు) పరిమితి 120 బైట్లు, అంటే తెలుగులో 40 సంకేతాలు. వేరియబుల్ లేబుల్‌కు 256, అంటే 85. ప్రశ్నపత్రంలోని ప్రశ్న మొత్తాన్ని తెలుగులో లేబుల్‌గా పెడదామంటే సాధారణంగా పట్టదు.

దీనికి తిరగబడిన సమస్య ఒకటుంది. యూనికోడ్ కాని పాత సావ్ ఫైలును యూనికోడ్ మోడ్‌లో తెరిస్తే స్ట్రింగ్ వెడల్పులన్నీ మూడింతలవుతాయి. ఫైలు ఉబ్బుతుంది. పైగా రెండు ఫైళ్లు కలిపేటప్పుడు ఒకదాంట్లో వెడల్పు 10, రెండోదాంట్లో 30 ఉండి మెర్జ్ మొరాయిస్తుంది. ఓపెన్ విండోలోనే "మినిమైజ్ స్ట్రింగ్ విడ్త్స్" అనే టిక్కు ఉంది, అది పెట్టి తెరవండి. మెర్జ్ చేయబోయే రెండు ఫైళ్లలోనూ, వాటిని జతపరిచే కీ వేరియబుల్ వెడల్పు ఒకటే ఉండేలా మాత్రం మీరే ఆల్టర్ టైప్ కమాండ్‌తో సరిచూసుకోవాలి.

ముందున్న సున్నాలు పోయాయి, పెద్ద నంబర్ల చివరి అంకెలు మారాయి. తిరిగి వస్తాయా?

సున్నాలు వస్తాయి, చివరి అంకెలు రావు. కోడ్ ఎన్ని అంకెలదో తెలిస్తే "01"ని మళ్లీ కట్టుకోవచ్చు. కానీ ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును అంకెగా ఎక్కిస్తే ఆఖరిది సున్నా అయిపోతుంది, ఆ సమాచారం ఇక ఎక్కడా లేదు. 12 అంకెల ఆధార్, 10 అంకెల ఫోను నంబరు ఈ గండం దాటుతాయి. గుర్తింపు కోసం వాడే ఏ నంబరైనా సగటు తీయబోయేది కాదు కదా, కాబట్టి మొదటి నుంచీ స్ట్రింగ్‌గా ఉంచండి. అసలు ఆధార్, ఫోను నంబర్లు విశ్లేషణ ఫైలులో ఉండాల్సిన పనే లేదు.

జిల్లా కోడ్‌ల విషయంలో ఇంకో చిక్కు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, అందులో 23 జిల్లాలు 532 ఆదిలాబాద్ నుంచి 554 చిత్తూరు దాకా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో 28 అంటే విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 36. రెండు ఫైళ్లలోనూ 28 ఉంది కదా అని కలిపితే ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.

తేదీలు తారుమారయ్యాయి. కొన్నిచోట్ల పదకొండు అంకెల సంఖ్య వస్తోంది.

రెండు వేరు సంగతులు. ఎస్‌పీఎస్‌ఎస్ తేదీని 1582 అక్టోబరు 14 నుంచి గడిచిన సెకన్లుగా దాస్తుంది. 2024 జనవరి 1 అంటే దాని లెక్కలో 13923446400. ఆ సంఖ్య కనిపిస్తే డేటా బాగానే ఉంది, ఫార్మాట్ మాత్రమే పోయింది. వేరియబుల్ వ్యూలో టైప్‌ను డేట్‌కు మార్చండి. స్టాటా, శాస్ 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడతాయి, ఆర్ 1970 జనవరి 1 నుంచి. వాటి తేదీలు ఉత్త అంకెలుగా వస్తే ఆ తేడా కలుపుకుని, 86,400తో గుణించి సెకన్లు చేసుకోవాలి.

రోజు, నెల తారుమారవడం ప్రమాదకరమైనది. మన ఫారాల్లో 05/08 అంటే ఆగస్టు ఐదు. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని మే ఎనిమిది అనుకుంటుంది. 25/08ని మాత్రం తేదీగా గుర్తించలేక అక్షరాలుగా వదిలేస్తుంది. ఫలితంగా ఒకే కాలమ్‌లో సగం తప్పు తేదీలు, సగం స్ట్రింగులు. 12 కంటే పెద్ద రోజులన్నీ స్ట్రింగ్‌గా మిగిలాయంటే జరిగింది ఇదే. సీఎస్‌వీ అయితే ఎక్సెల్ జోలికి పోకుండా టెక్స్ట్ విజార్డ్‌లో తెరిచి, ఐదో మెట్టులో ఆ వేరియబుల్‌కు రోజు-నెల-సంవత్సరం వరుసను మీరే ఎంచుకోండి. సంవత్సరం రెండంకెల్లో ఉంటే ఎడిట్ → ఆప్షన్స్ → డేటాలో శతాబ్దం పరిధి కూడా చూడాలి. మామూలుగా అది ఇప్పటికి 69 ఏళ్ల ముందు నుంచి 30 ఏళ్ల తర్వాత దాకా ఉంటుంది. పెద్దవాళ్ల పుట్టిన సంవత్సరాలు రెండంకెల్లో రాస్తే ఇక్కడ దెబ్బతింటాయి.

1,25,000 అని కామాలతో ఉన్న అంకెలు వస్తాయా?

సీఎస్‌వీలో కామాయే కాలమ్‌ల మధ్య గోడ. కొటేషన్లలో లేని 1,25,000 మూడు కాలమ్‌లుగా చీలిపోయి, దాని కుడివైపున్నవన్నీ జరిగిపోతాయి. ఫైలు తయారుచేసే చోటే కామాలు తీయించండి.

ఎన్‌ఎస్‌ఎస్, పీఎల్‌ఎఫ్‌ఎస్ టెక్స్ట్ ఫైలులో కాలమ్‌లే లేవు, అన్నీ అంకెలే. ఎలా తెరవాలి?

ఈ రెండూ కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వేలు, పీఎల్‌ఎఫ్‌ఎస్ ఉపాధి మీద. వాటివి ఫిక్స్‌డ్ విడ్త్ ఫైళ్లు. కామాలు, ట్యాబులు ఉండవు. ఏ అంశం ఎన్నో బైటు నుంచి ఎన్నో బైటు దాకా ఉందో లేఅవుట్ అనే ఎక్సెల్ ఫైలు చెబుతుంది. అది లేకుండా డేటా ఫైలు ఒక్కటే ఉంటే ఏమీ చేయలేరు, కాబట్టి రెండూ కలిపే దించుకోండి.

వేరియబుల్స్ పది పన్నెండయితే టెక్స్ట్ విజార్డ్‌లో ఫిక్స్‌డ్ విడ్త్ ఎంచుకుని, స్కేలు మీద క్లిక్ చేస్తూ గీతలు పెట్టుకోవచ్చు. ఆఖరి మెట్టులో ఆ అమరికను టీపీఎఫ్ ఫైలుగా దాచుకుంటే వచ్చే రౌండుకు మళ్లీ గీతలు గీయక్కర్లేదు. వందకు పైగా ఉంటే డేటా లిస్ట్ కమాండే దారి: ప్రతి వేరియబుల్ పేరు, దాని పక్కన మొదటి స్థానం, హైఫన్, చివరి స్థానం. లేఅవుట్ ఎక్సెల్‌లోనే ఫార్ములాతో ఈ వరుసలు తయారుచేసి అతికిస్తే చేతిరాత తప్పులు తప్పుతాయి.

తెరిచాక మొదట చూడాల్సింది లేఅవుట్ చివరలో ఉండే అంశాలు. ఎక్కడైనా ఒక్క బైటు తప్పితే ఆ తర్వాతివన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. మధ్యలో చూస్తే నిజమైన అంకెల్లాగే ఉండి మోసం చేస్తాయి, చివర చూస్తే బయటపడుతుంది. లింగం కాలమ్‌లో 7, 8 కనిపిస్తే ఇదే జరిగినట్టు.

బరువుల (ఒక్కో కేసు ఎంతమందికి ప్రతినిధో చెప్పే వెయిట్‌ల) కాలమ్‌కు దశాంశ చుక్క ఉండదు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో మల్టిప్లయర్‌ను సందర్భాన్ని బట్టి 100తోనో 200తోనో భాగించాలని రీడ్‌మీలో ఉంటుంది. కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లలో బరువును 10,00,000తో భాగించాలి. ఈ ఒక్క పని మరిచి రాష్ట్ర జనాభా అంచనా వేస్తే భూమ్మీద ఉన్న మనుషులు చాలరు.

కుటుంబ ఆరోగ్య సర్వే ఫైలు తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది.

సర్వే-5లో 7,24,115 మంది మహిళల వివరాలున్నాయి, వేరియబుల్స్ వేలల్లో ఉంటాయి. ఫైలు రకం సరైనదేనా అని ముందు చూడండి. ఈ సర్వే డేటా దొరికే డీహెచ్‌ఎస్ (అంతర్జాతీయ జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమం) ఫైలు పేరు చివర ఎస్‌వీ ఉంటే ఎస్‌పీఎస్‌ఎస్, డీటీ ఉంటే స్టాటా, ఎస్‌డీ ఉంటే శాస్, ఎఫ్‌ఎల్ ఉంటే ఉత్త టెక్స్ట్.

తర్వాత మొత్తం తెరవకండి. ఓపెన్ విండోలో ఫైలును ఎంచుకుని, "ఓపెన్" బదులు "పేస్ట్" నొక్కండి. సింటాక్స్ విండోలో గెట్ ఫైల్ కమాండ్ వచ్చి పడుతుంది. చివరి చుక్కకు ముందు స్లాష్ పెట్టి, కీప్ అని రాసి, సమానం గుర్తు తర్వాత మీకు కావలసిన వేరియబుల్ పేర్లు ఇవ్వండి. చుక్క మరిచిపోతే కమాండ్ కదలదు. ముప్పై వేరియబుల్స్‌తో తెరిచి, డేటా → సెలెక్ట్ కేసెస్‌లో రాష్ట్రం కోడ్ 28 లేదా 36 తీసుకుని, కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. ఆ తర్వాత మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా పని నడుస్తుంది. సర్వే డిజైన్‌కు కావలసిన క్లస్టర్, స్ట్రాటా, బరువు వేరియబుల్స్‌ను కీప్‌లో మరవకండి.

ఎక్సెల్‌లో తెరిచిన సీఎస్‌వీలో 10,48,576 వరుసలే ఉన్నాయి. డేటా అంతేనా?

ఆ సంఖ్య కనిపిస్తే దాదాపు ఖాయంగా కాదు. ఎక్సెల్ షీటుకు అదే హద్దు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలుకైతే 65,536. సీఎస్‌వీని నేరుగా ఎస్‌పీఎస్‌ఎస్‌లోకి తెండి, మధ్యలో ఎక్సెల్ వద్దు.

షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలు నిన్న తెరుచుకుంది, ఈరోజు రావడం లేదు.

డ్రైవ్ అక్షరం చూడండి. మీ కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్‌గా ఉన్న ఫోల్డర్ పక్క సీటులో వై డ్రైవ్ కావచ్చు. సింటాక్స్‌లో డ్రైవ్ అక్షరం రాస్తే అది మీ ఒక్కరికే పనిచేస్తుంది. బదులుగా రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి దారి, అంటే సర్వర్ పేరు, షేర్ పేరు, ఫోల్డర్ వరసగా రాయండి. ఎస్‌పీఎస్‌ఎస్‌ను "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో నడిపితే మ్యాప్ చేసిన డ్రైవ్‌లు మాయమవుతాయి, అది విండోస్ పద్ధతి. ఇంటి నుంచైతే వీపీఎన్ కలిసి ఉండాలి. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి దారి మొత్తం 260 అక్షరాలు దాటినా తెరుచుకోకపోవచ్చు.

తెరిచిన తర్వాత కూడా ఎస్‌పీఎస్‌ఎస్ ఫైలును మళ్లీమళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది. మధ్యలో నెట్‌వర్క్ తెగితే పట్టిక సగంలో ఎర్రర్ వస్తుంది. ఫైలును మీ డిస్క్‌కు కాపీ చేసుకుని పనిచేయడమే మేలు. ఇద్దరు ఒకే ఫైలు మీద పనిచేస్తుంటే అది తప్పనిసరి. అసలు ఫైలు మీద పొరపాటున సేవ్ కాకుండా ఫైల్ మెనూలో "మార్క్ ఫైల్ రీడ్ ఓన్లీ" ఉంది.

వెబ్ చిరునామా ఇచ్చి నేరుగా తెరవవచ్చా?

ఆర్, స్టాటా సీఎస్‌వీ చిరునామాను నేరుగా చదువుతాయి. ఎస్‌పీఎస్‌ఎస్ వాడేవాళ్లు ముందు దించుకుని తెరవడమే నమ్మకమైన దారి. దించిన తేదీని ఫైలు పేరులో పెట్టండి, పోర్టళ్లలో ఫైళ్లు చెప్పకుండా మారుతుంటాయి.

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా వర్తించే తప్పు ఒకటుంది. గూగుల్ డ్రైవ్ షేరింగ్ లింకు, గిట్‌హబ్‌లో ఫైలును చూపించే పేజీ లింకు, ఇవేవీ డేటా లింకులు కావు. అక్కడి నుంచి వచ్చేది వెబ్ పేజీ కోడ్. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలోనే కోణాకారపు బ్రాకెట్లు కనిపిస్తాయి. గూగుల్ షీట్ అయితే ఫైల్ → డౌన్‌లోడ్‌లో సీఎస్‌వీ తీసుకోండి, గిట్‌హబ్‌లో "రా" బటన్ నొక్కి ఆ చిరునామా వాడండి.

డేటాబేస్‌కు కలపాలి. జాబితాలో మా డేటా సోర్స్ కనిపించదేం?

సాధారణంగా 32 బిట్, 64 బిట్ గొడవ. ఎస్‌పీఎస్‌ఎస్ 64 బిట్ అయితే ఓడీబీసీ డ్రైవరు (డేటాబేస్‌కు కలిపే సాఫ్ట్‌వేర్), డీఎస్‌ఎన్ (ఆ కనెక్షన్ వివరాలు దాచిన డేటా సోర్స్ పేరు) కూడా 64 బిట్ వే కావాలి. విండోస్‌లో ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్లు రెండున్నాయి: 64 బిట్‌ది సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32 బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో. పేర్లు చూసి తిరగేసి అనుకోవడం సహజం, స్టార్ట్ మెనూలో వెతికి 64 బిట్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తెరవండి.

డీఎస్‌ఎన్ తయారయ్యాక ఫైల్ → ఇంపోర్ట్ డేటా → డేటాబేస్ → న్యూ క్వెరీ. సోర్స్ ఎంచుకుని, కావలసిన ఫీల్డులు లాగి, టేబుళ్ల మధ్య సంబంధం చూసుకుని, కేసులకు షరతు పెట్టాలి. షరతు అక్కడే పెడితే సర్వర్ వడకట్టి పంపుతుంది, లక్షల వరుసలు ఇటు రావు. కనెక్షన్ అసలు కలవకపోతే ఫైర్‌వాల్‌లో పోర్టు తెరిచి ఉందా అని అడగండి. మామూలుగా మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433.

ప్రతి విశ్లేషణకూ ఆ క్వెరీ మళ్లీ నడవొచ్చు. నెమ్మదిగా అనిపిస్తే ఫైల్ → క్యాష్ డేటా వాడండి, లేదంటే సావ్‌గా దాచుకోండి. పేస్ట్ చేసిన సింటాక్స్‌లో కనెక్షన్ వివరాలు ఉంటాయి, ఎవరికైనా పంపేముందు అందులో పాస్‌వర్డ్ లేదని చూసుకోండి.

"ఓపెన్ రిమోట్ ఫైల్" అని విండో వచ్చింది, నా డెస్క్‌టాప్ ఎక్కడా లేదు.

మీరు ఎస్‌పీఎస్‌ఎస్ సర్వర్‌కు కలిసి ఉన్నారు. పై భాగంలో సర్వర్ పేరు ఉంటుంది. ఇప్పుడు లెక్క జరిగేది అక్కడ, కనిపించే డ్రైవ్‌లు అక్కడివి. సీ డ్రైవ్ అంటే సర్వర్ సీ డ్రైవే. మీ ఫైలు తెరవాలంటే మూడు దారులు: ఫైలును సర్వర్‌లో మీకు అనుమతి ఉన్న ఫోల్డర్‌కు చేర్చడం, మీ ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేసి ఆ దారి ఇవ్వడం, లేదా ఫైల్ → స్విచ్ సర్వర్‌లో లోకల్‌కు తిరిగి రావడం. సర్వర్ లైనక్స్ అయితే రెండో దారి మీద ఆశ పెట్టుకోకండి. సర్వర్ మారేముందు తెరిచి ఉన్న డేటాను సేవ్ చేసుకోండి. ఫోల్డర్ కనిపించినా లోపలికి పోనివ్వకపోతే అది ఎస్‌పీఎస్‌ఎస్ సమస్య కాదు, ఆ సర్వర్‌లో మీ లాగిన్‌కు అనుమతి లేదు.

ఫైలు తెరుచుకుంది. అన్నీ సరిగ్గా వచ్చాయని ఎలా తెలుసుకోవాలి?

కేసుల సంఖ్య అసలు ఫైలుతో సరిపోవాలి. వేరియబుల్ వ్యూలో టైప్, మెజర్ కాలమ్‌లు పైనుంచి కిందికి ఒకసారి చూడాలి. వర్గాల వేరియబుల్స్‌కు ఫ్రీక్వెన్సీస్, అంకెల వాటికి కనిష్ఠం, గరిష్ఠం, మిస్సింగ్ ఎన్ని అన్నది తీయాలి. ఇచ్చినవాళ్ల నివేదికలో ఏదో ఒక మొత్తం ముద్రించి ఉంటుంది, దాన్ని మీ ఫైలుతో తిరిగి రాబట్టగలిగితే అంతకు మించిన పరీక్ష లేదు. ఆఖరి వరుస కూడా చూడండి, ఎక్సెల్ పట్టికల్లోని "మొత్తం" వరుస ఒక కేసుగా వచ్చి సగటును పాడుచేస్తుంది.

ఆర్‌లో దారి ఇస్తే వెంటనే ఎర్రర్ వస్తోంది.

విండోస్ నుంచి కాపీ చేసిన దారిలో బ్యాక్‌స్లాష్‌లుంటాయి. ఆర్‌కు బ్యాక్‌స్లాష్ ప్రత్యేక గుర్తు, యూజర్స్ ఫోల్డర్ పేరులోని మొదటి అక్షరంతో కలిసి దాన్ని యూనికోడ్ సంకేతమనుకుని ఆగిపోతుంది. అన్నిటినీ ముందుకు వాలిన స్లాష్‌లుగా మార్చండి. ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే ఆర్ 4.2 లేదా ఆ తర్వాతిది వాడండి, విండోస్‌లో యూటీఎఫ్-8 అప్పటి నుంచే మామూలు అమరిక అయింది.

ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్సు లేదు. సావ్ ఫైలు తెరవవచ్చా?

తెరవవచ్చు. పీఎస్‌పీపీ, జమోవి, జాస్ప్ మూడూ ఉచితం, మూడూ సావ్ చదువుతాయి. మెనూలు ఎస్‌పీఎస్‌ఎస్‌కు దగ్గరగా ఉండాలంటే పీఎస్‌పీపీ. ఆర్‌లో హేవెన్ ప్యాకేజీ వాడితే లేబుళ్లు కూడా వస్తాయి. అయితే మీరు మిస్సింగ్‌గా ప్రకటించిన 99ల వంటివన్నీ మామూలుగా ఖాళీలైపోతాయి, వాటిని విడిగా ఉంచాలంటే యూజర్ ఎన్‌ఏ అనే ఆప్షన్‌ను ట్రూ చేయాలి. స్టాటా 16 నుంచి ఇంపోర్ట్ ఎస్‌పీఎస్‌ఎస్ కమాండ్ ఉంది. వెనక్కి వెళ్లేటప్పుడు, అంటే కొత్త స్టాటా ఫైలు ఎస్‌పీఎస్‌ఎస్‌లోనో పాత స్టాటాలోనో తెరుచుకోనప్పుడు, ఫైలు ఇచ్చినవాళ్లను సేవ్‌ఓల్డ్ కమాండ్‌తో దాచి పంపమనండి. స్టాటా యూనికోడ్‌కు మారింది వెర్షన్ 14లో కాబట్టి, 13 ఫార్మాట్‌లో దాచితే తెలుగు లేబుళ్లు చెడిపోవచ్చు. తెలుగు ఉన్న ఫైలైతే సీఎస్‌వీ ఒకటి, లేబుళ్ల పట్టిక ఒకటి విడిగా తెప్పించుకోండి.